మనవాణ్ణి మనమే పొగుడుకుంటామా

2015 నవంబరు 20, శుక్రవారం, మధ్యాహ్నం రెండూ పది. మస్కట్‌లో అల్ హైల్ అనే పేటలో, మా అమ్మాయి సునీత వాళ్ల ఫ్లాట్‌లో, వంజరం చేప వేపుడు వాసన ఇంకా కర్టెన్లను వదలకముందే, హాల్లో ఇద్దరు పెద్దమనుషులు లేచి నిలబడి చేతులు కలుపుకున్నారు. దాంతో ఒక మనిషి ఒక హాకీ జట్టులోంచి ఇంకో జట్టులోకి వెళ్లిపోయాడు, ఆ జట్టులోంచి ఒక మనిషి ఈ జట్టులోకి వచ్చాడు. నేను వంటింట్లో టీకి నీళ్లు పడుతూ గోడ గడియారం చూశాను కాబట్టి సమయం చెప్పగలుగుతున్నాను. హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. గంట కొట్టేవాళ్లు లేకపోయినా గడియారం వైపు చూడటం నాకు పోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, అలా జట్టు మారిన మనిషి ప్రభుదాస్ పోయిన నెల సెలవు మీద వచ్చి, రేపల్లెలో నన్ను చూసి వెళ్లాడు. మస్కట్ హల్వా గిన్నె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీయగానే కుంకుమపువ్వు, పన్నీరు కలిసిన ఆ వాసన వచ్చింది, దాని వెనకాలే ఆ శుక్రవారం వచ్చింది, దాని వెనకాల ఇంకా చాలా పాతది, నా బోర్డింగ్ స్కూలు సామాన్ల గది, వచ్చి నిలబడింది. రెండింటినీ విడివిడిగా చెబుదామని చూశాను. కుదరలేదు.

నేను అప్పుడు విజిట్ వీసా మీద మూడు నెలలకి వెళ్లాను. సునీత అక్కడి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు రత్నాకర్ అదే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మావాళ్లకి శుక్రవారమే ఆదివారం. ఉదయం తెలుగు ఆరాధన, మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో భోజనం, నాలుగున్నరకి హాకీ. ఆరాధనకి కట్టుకెళ్లిన తెల్ల చొక్కాలు విప్పి సోఫా వెనక ఆరేసి, మగవాళ్లు నిక్కర్లేసుకుని బంతిభోజనంలా వరసగా కింద కూర్చునేవాళ్లు. హాకీ స్టిక్కులు చెప్పుల స్టాండులో గొడుగుల పక్కన ఉండేవి. గ్రౌండ్ అంటే ఒక ఖాళీ స్థలం, అంతే. అడుగడుగునా గులకరాళ్లు. ఆటకి ముందు నీళ్ల ట్యాంకర్ తెప్పించి తడిపించేవాళ్లు. తడిసిన ఆ మట్టి వాసన మన తొలకరి వాసనలా ఉండదు, కొంచెం ఉప్పగా ఉంటుంది.

మొత్తం నాలుగు జట్లు. ఎవరి రూమ్ ఎక్కడుంటే వాళ్లది ఆ జట్టు. అల్ హైల్ జట్టుకి రత్నాకర్ కెప్టెన్, వాడి కబీర్ అనే ఇంకో పేట జట్టుకి మూర్తిగారు కెప్టెన్. ఈ మూర్తిగారిది అమలాపురం దగ్గర. ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. మాట మాటకీ "ఆయ్" అనేవారు, మర్యాదలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. ఏడాదికొకసారి, క్రిస్మస్ లోపల, జట్లు మనుషుల్ని మార్చుకోవచ్చని వాళ్లలో వాళ్లకి ఒక నియమం. ఒకరికి ఒకరు, అదీ ఒకే చోట ఆడేవాళ్లు. గోల్‌కీపర్‌కి గోల్‌కీపర్, బ్యాక్‌కి బ్యాక్. అడగడానికి వచ్చినవాళ్లు హల్వా తేవాలి. మూర్తిగారు తెచ్చారు. అడిగింది ప్రభుదాస్‌ని. బదులుగా ఇస్తానన్నది కిరణ్‌ని.

ప్రభుదాస్ సునీత వార్డులో మేల్ నర్సు. నలభై నాలుగేళ్లు, చీరాల వైపు మనిషి. అల్ హైల్ జట్టుకి వెనకాల ఇద్దరు బ్యాకులు, ఒకరు ఇతను, రెండోవాడు రత్నాకర్. ఈ కాలం పిల్లలు డిఫెండర్లంటారు, నాకు బ్యాక్ అనే అలవాటు. కిరణ్ హైదరాబాద్ కుర్రాడు, ఇరవయ్యారు నిండాయి, సైట్ ఇంజనీరు. గుర్రంలా పరిగెత్తేవాడు. ఆ కిరణ్‌ని ఇచ్చి ఈ ప్రభుదాస్‌ని ఎందుకు తీసుకోవాలనుకున్నారో మూర్తిగారు నెమ్మదిగా చెబుతుంటే వంటింట్లోకి సగం సగం వినబడింది. చేతులు కలిపాక మాత్రం రత్నాకర్ గొంతు స్పష్టంగా వినబడింది.

"నష్టం మీకేనండీ మూర్తిగారూ. మావాడికి వయసైపోయింది. పరుగు లేదు. ఏదో అడ్డంగా నిలబడతాడు."

"అదేంటండీ, మావాడికి మాత్రం ఏవుందండీ. కాళ్లే గానీ బుర్ర ఎక్కడిదండీ, ఆయ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రభుదాస్ అప్పుడు నా పక్కనే, సింకు దగ్గర, తన కంచం తనే కడుక్కుంటున్నాడు. ఎవరింట్లో తిన్నా అతనికి అది అలవాటు. కుళాయి కింద అతని చెయ్యి ఆగిపోయింది. నీళ్లు కంచం మీద పడి నా చీర మీదికి చిందాయి. "అయ్యో, అమ్మగారూ" అని కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లి, సరేనన్నాడు, సంతోషమేనన్నాడు. హల్వా ఇవ్వబోతే షుగర్ ఉందన్నాడు. అతనికి షుగర్ లేదని సునీతకి తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు ఆటకి ఉండకుండా వెళ్లిపోయాడు.

"పరుగు లేదు, ఏదో అడ్డంగా నిలబడుతుంది." ఆ మాట నాకు కొత్త కాదు. యాభై రెండేళ్ల కిందట, 1963లో, నా పద్నాలుగో ఏట, అక్షరం పొల్లు పోకుండా అదే మాట నా గురించి విన్నాను.

మాది ఆడపిల్లల మిషన్ బోర్డింగ్. కాలవ గట్టు మీద పొడుగాటి పెంకుటిల్లు, దాంట్లో రెండు హాళ్లు, నీలం హౌసుకి ఒకటి, ఎరుపు హౌసుకి ఒకటి. తెల్లవారుజామున రాగిజావ వాసన, లాంతరు చిమ్నీ తుడిచిన గుడ్డల కిరసనాయిలు వాసన, అరవైమంది జడల కొబ్బరినూనె వాసన. శనివారం సాయంత్రాలు హాకీ. లంగా ఓణీలు బిగించి దోపుకుని ఆడేవాళ్లం. కాన్వాసు బూట్లు ఇద్దరికొక జత ఉండేవి కాబట్టి సగం ఆట నాకు, సగం ఆట సలోమికి. సలోమి నా జోడు. నీలం హౌసు బ్యాకులం మేమిద్దరం. బంతి వస్తుంటే ఆమె మీదికి దూకేది, నేను వెనక ఆగేదాన్ని. ఆమెని దాటి వచ్చింది నా దగ్గర ఆగేది. ఆటలోనే కాదు, పక్క చాప కూడా ఆమెదే. పీడకలలొస్తే నా చెయ్యి పట్టుకుని పడుకునేది.

మా హౌసు చూసేది గ్రేసమ్మ టీచరు. సన్నగా, నిటారుగా, వేసవిలో కూడా మెడ దాకా జాకెట్టు వేసుకునే మనిషి. ఎవరినీ మెచ్చుకోదు. లెక్క తప్పు చేస్తే కొట్టదు, పలక తిరగేసి మళ్లీ ఇస్తుంది. నేను లెక్కల టీచర్ని కావడానికి ఆమే కారణం. ఆ ఏడు ఎరుపు హౌసు వరసగా ఓడిపోతుంటే, వాళ్ల టీచరు వచ్చి ఒక పిల్లని మార్చుకుందామని అడిగింది. వాళ్ల కమల మాకు, నేను వాళ్లకి. కమల పొడగరి, కొడితే బంతి కాలవలో పడేది. వాళ్లిద్దరూ సామాన్ల గది గుమ్మంలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. బియ్యం బస్తాల వెనకాల నేను స్టిక్కులకి అవిసె నూనె రాస్తున్నానని వాళ్లకి తెలియదు. "మా కరుణకి పరుగు లేదండీ, ఏదో అడ్డంగా నిలబడుతుంది" అంది గ్రేసమ్మ టీచరు. నవ్వింది కూడా. ఆమె నవ్వడం నేను అరుదుగా విన్నాను.

మర్నాడు నా ట్రంకుపెట్టె, చాప ఎరుపు హాల్లోకి వెళ్లాయి. బోర్డింగ్‌కి ఆ సంవత్సరం వచ్చిన ఒకే ఒక్క కొత్త స్టిక్కు నా దగ్గర ఉండేది. అప్పగించబోతే గ్రేసమ్మ టీచరు, "అది కూడా పట్టుకుపో" అంది. నా గుర్తు కూడా ఆ హాల్లో ఉండకూడదనుకుంది అని అర్థం చేసుకున్నాను. ఎరుపు హౌసులో ఏడాది చివరిదాకా ఏదో ఆడాను. తర్వాత మానేశాను. ట్రైనింగ్ కాలేజీలో ఆటల మేడం పిలిచి అడిగితే, నాకు పరుగు లేదండీ అని చెప్పాను. అడిగిన ప్రతివాళ్లకీ అదే చెప్పాను.

అందుకని అల్ హైల్‌లో ఆ తర్వాతి శుక్రవారం అందరూ ఆ మార్పిడి న్యాయమా కాదా అని వాదించుకుంటుంటే నాకు అన్నం సయించలేదు. ఒకరు రత్నాకర్ అదృష్టవంతుడన్నారు. ఒకరు మూర్తిగారు కొత్త బండి ఇచ్చి పాత బండి తెచ్చుకున్నాడన్నారు. కిరణ్ స్టిక్కు పైకెత్తి ఎదుటివాళ్లకి పెనాల్టీ కార్నర్లు ఇచ్చేస్తాడు కాబట్టి సరికి సరి అని ఒకరు. ఇంకొకాయన ఇంకా లోతుకి పోయి, ఆట సంగతి కాదు, వీసా సంగతి చూడమన్నాడు. కిరణ్‌ని కంపెనీ రేపో మాపో ఎక్కడో దూరాన ఇబ్రి సైటుకి పంపిస్తే అల్ హైల్‌కి ఎవరున్నారు, ప్రభుదాస్ అయితే ఆసుపత్రి ఉద్యోగం, కదలడు, లాభం మూర్తిదేనన్నాడు. ఆ మాటకి అందరూ మళ్లీ మొదటి నుంచి లెక్కలేశారు. కిరణ్ మాత్రం చేప ముల్లు తీసుకుంటూ, "నన్ను కూరగాయల లెక్క తూకం ఏస్తున్నరు, ఇంత పులుసన్న పొయ్యుండ్రి" అన్నాడు. మంచి పిల్లవాడు.

నన్నూ అడిగారు. మీరు ఒక మనిషితో ఒక మనిషిని పోలుస్తున్నారు, బ్యాకులు జోడుగా ఆడతారు, పోలిస్తే జోళ్లని పోల్చాలి అన్నాను. అమ్మగారికి హాకీ తెలుసా అని ఆశ్చర్యపోయారు. ఇంతకీ ఆ జోడులో ఒకడు ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు. ప్రభుదాస్ ఆ వారం రాలేదు. వాడి కబీర్‌కీ వెళ్లలేదు. శుక్రవారాలన్నీ డ్యూటీ వేయించుకున్నాడు. పై వారం మూర్తిగారు ఫోన్ చేసి, నా మనిషిని మీకిచ్చాను, మీ మనిషి నాకు రాలేదు అని ఎంతో మర్యాదగా బాధపడ్డారు. వాళ్ల జట్టులో సగంమంది ఇరవై దాటని పిల్లలు. వరసగా గోల్స్ పడుతుంటే ఆట మానేస్తామంటున్నారట. రత్నాకర్ నాతో, "డ్యూటీలండీ అత్తయ్యగారూ, పాపం ఏం చేస్తాడు" అన్నాడు. సునీత డ్యూటీలు కాదంది. అతను బూట్లు, స్టిక్కు వార్డు బాయ్‌కి ఇచ్చేస్తానంటున్నాడని, ఇండియా వెళ్లిపోదామని భార్యకి చెబుతున్నాడని చెప్పింది. వెనకాల ఎవరూ లేరనిపించినప్పుడు మనిషి అలాగే మాట్లాడతాడు.

డిసెంబరు మొదటి శుక్రవారం కూడా అందరూ మా ఇంటికే వచ్చారు. సునీత ఆ రోజు చింతపండు పులుసు మా అమ్మ పెట్టినట్టు పెట్టింది. మూర్తిగారు కూడా వచ్చారు, రెండోసారి వడ్డించుకుని అద్భుతం అన్నారు. సునీత పళ్లెం అందిస్తూ, "ఏదో చేశానండి, ఉప్పు సరిగ్గా పడలేదు, ఏమనుకోకండి" అంది. ఉప్పు సరిగ్గానే పడింది. అది సునీతకి తెలుసు, మూర్తిగారికి తెలుసు, అక్కడ తింటున్న అందరికీ తెలుసు. నేను గ్లాసుల్లో మంచినీళ్లు పోస్తున్నదాన్ని కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

భోజనాలయ్యాక రత్నాకర్‌ని వంటింట్లోకి పిలిచి, "బాబూ, ప్రభుదాస్‌కి నిజంగా పరుగు లేదా?" అని అడిగాను.

"ఎవరన్నారండీ?"

"మీరే అన్నారు. హల్వా తెచ్చిన రోజు."

అతనికి గుర్తు రావడానికి కొంచెం సమయం పట్టింది. "అదా," అన్నాడు. "ఎదుటివాళ్ల ముందు మనవాణ్ణి మనమే పొగుడుకుంటామా అత్తయ్యగారూ? ఆయనకి బదులు ఇద్దర్నిస్తానన్నారు మూర్తిగారు. ఒకరికొకరే అని నియమం ఉండబట్టి కిరణ్ ఒక్కడే వచ్చాడు. ప్రభన్నని ఇవ్వనని రెండు వారాలు దాక్కుని తిరిగాను నేను. అసలు వాళ్ల జట్టు నిలబడాలంటే ఆయనే వెళ్లాలి."

"ఆయన ఇక్కడే కంచం కడుగుతున్నాడు అప్పుడు."

రత్నాకర్ సింకు వైపు చూశాడు.

నేనూ సింకు వైపే చూస్తున్నాను, కానీ నాకు కనిపిస్తున్నది బియ్యం బస్తాలు. అరవైమంది పిల్లలకి ఒకే కొత్త స్టిక్కు వస్తే, పరుగు లేని పిల్లకి ఎవరిస్తారు? హౌసు మారిపోతున్న పిల్లతో దాన్ని పంపిస్తారా? ఒక లెక్కల టీచరుకి ఈ చిన్న లెక్క తేలడానికి ఇన్నేళ్లు పట్టింది. నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. చెంగుతో తుడుచుకుంటుంటే సునీత వచ్చి ఉల్లిపాయలా అంది. ఉల్లిపాయలేనన్నాను. ఎప్పటి నుంచో చెప్పులో ఉండిపోయిన రాయి తీసి పారేసినట్టుంది నాకు.

మూర్తిగారిని ఆపాను. ఇద్దరు కెప్టెన్లనీ వెంటబెట్టుకుని, సునీత కారు నడుపుతుంటే, ఆసుపత్రి క్వార్టర్స్‌లో ప్రభుదాస్ రూముకి వెళ్లాం. అతను అప్పుడే డ్యూటీ దిగి లుంగీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడి మంచం మీది బట్టలు తీసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. మీరు ఆ రోజు చేసిన మార్పిడి చెల్లదు, మళ్లీ చెయ్యండి అన్నాను. ఈసారి మనిషి ఎదురుగా ఉండాలి, ఎవరి మనిషిని వాళ్లే పొగడాలి, ఎదుటివాళ్ల మనిషిని కాదు.

మూర్తిగారు ముఖం కందిపోయి, "మా నోటితో మేవే ఎలాగండీ, బావోదండీ" అన్నారు. గ్రేసమ్మ టీచరు పలక తిరగేసి ఇచ్చేటప్పుడు చూసినట్టు చూశాను. చివరికి ఆయనే మొదలుపెట్టి, కిరణ్ బంగారమండీ అన్నారు. ఇంక రత్నాకర్ వంతు. నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"అన్నా, నువ్వు వెనకాలుంటే నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఇప్పుడు మెడ నొప్పెడుతోంది."

ప్రభుదాస్ లుంగీ సర్దుకున్నాడు. "ఇంత గొప్పోణ్ణయితే ఎందుకిచ్చేశావు తమ్ముడూ?" అన్నాడు.

"ఇవ్వకపోతే వాళ్ల పిల్లలు ఆట మానేస్తారు. ఎవరితో ఆడదాం మనం? మనలో మనమేనా?"

"ఆ ముక్క ముందే చెప్పుంటే నా సొంత డబ్బులెట్టి హల్వా నేనే కొనుక్కొచ్చేవోణ్ణి గదా," అన్నాడు ప్రభుదాస్. తర్వాత నా వైపు తిరిగి, "మీరెందుకమ్మగారూ ఇంత దూరం" అన్నాడు. నాకూ బ్యాక్ ఆట కొంచెం తెలుసన్నాను. అంతకంటే ఆ రోజు చెప్పలేదు. రేపల్లెలో పోయిన నెల చెప్పాను. హల్వా గిన్నె మూత చేత్తో పట్టుకుని చివరిదాకా విన్నాడు. "ఆ టీచరుగారు నవ్విందన్నారు గదా, మురిసిపోయి నవ్విందండీ అది" అన్నాడు. అది నాకు తట్టలేదు.

నేను తిరిగి వచ్చేముందు, జనవరిలో, రెండు జట్లకీ ఆట పడింది. తడిపిన నేల పక్కన మడతకుర్చీలో కూర్చుని చూశాను. ప్రభుదాస్ పరిగెత్తనే లేదు. చెయ్యి చూపిస్తూ, పేరుపేరునా పిలుస్తూ, ఆ పిల్లల్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ, బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే నిలబడి ఉన్నాడు. కిరణ్ ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి చెమటలు కక్కాడు. మా అల్ హైల్ ఒక గోల్‌తో ఓడిపోయింది. నేను తప్పు జట్టుకి చప్పట్లు కొడుతున్నానని సునీత గిల్లింది. ఇంతకీ ఆ మార్పిడి న్యాయమా అంటే, బోర్డింగ్‌లో అయినా మస్కట్‌లో అయినా, ఇచ్చేటప్పుడు నొప్పెట్టిందంటే సరైనవాణ్ణే ఇచ్చారన్నమాట. ఒక్కటి మాత్రం ఇప్పుడు నయం. మాకు అప్పట్లో పెద్దవాళ్లని అడగటం తెలియదు, వాళ్లకి చెప్పటం తెలియదు. ఈ మగవాళ్లకీ చెప్పటం రాదు. కానీ అడిగితే చెప్పారు. కారెక్కి పది నిమిషాల్లో వెళ్లి సరిచేసుకునేంత దగ్గర్లో ఉన్నారు.

పోయినవి రాసి ముగిస్తాను. అల్ హైల్ జట్టుకి పోయింది ఆ ఏడాది కప్పు. మూర్తిగారికి కిరణ్, మాకూ కిరణ్, ఎందుకంటే వీసా లెక్క వేసినాయన అన్నట్టే ఆ మార్చిలో కంపెనీ అతన్ని ఇబ్రి పంపించింది. ఆ గ్రౌండు, ఇప్పుడక్కడ కార్లు పెడుతున్నారని ప్రభుదాస్ చెప్పాడు. నావి మూడు. ట్రైనింగ్ కాలేజీలో ఆడాల్సిన రెండేళ్ల ఆట. సలోమి చాప పక్కన చాప. గ్రేసమ్మ టీచరు బతికుండగా, ఎందుకు నవ్వారండీ అని ఆమెని అడగాల్సిన ఒక్క మాట.